అమ్మానాన్నల పెళ్లిరోజుకి మిషెలిన్ స్టార్ భోజనం: యూకే, ఐర్లండ్‌లలో ఎక్కడికి వెళ్లాలి?

రీడింగ్‌వాసి
2025 మార్చి 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండీ. ఏప్రిల్ నెలాఖరుకి అమ్మానాన్న తెనాలి నుంచి వస్తున్నారు. మే 15కి వాళ్ల పెళ్లయి 40 ఏళ్లు. ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరినీ మంచి యూరోపియన్ రెస్టారెంట్‌కి, వీలైతే మిషెలిన్ స్టార్ (మిషెలిన్ గైడ్ వాళ్లు మంచి వంటకి ఇచ్చే గుర్తింపు) ఉన్నదానికి, తీసుకెళ్లాలని నా కోరిక. ఇండియన్ రెస్టారెంట్ వద్దు. ఇంట్లో అమ్మ వంట తినే వాళ్లకి అక్కడ కొత్తేముంటుంది?

ఎందుకింత పట్టుదల అంటే, అమ్మ వంట దగ్గర చాలా పట్టింపున్న మనిషి. చారు మరుగుతుంటే వాసన చూసి ఉప్పు తగ్గిందని చెప్పేస్తుంది. పోయినసారి వచ్చినప్పుడు సాయంత్రం పూట టీవీలో ఇక్కడి వంటల పోటీలు ఒక్కటీ వదల్లేదు. భాష సగమే అర్థమయ్యేది. అయినా "ఆ పిల్ల సాస్ తొందరపడి దించేసింది" అనేది, కాసేపటికి జడ్జీలూ అదే మాట అనేవాళ్లు. అలాంటి మనిషి ఒక్కసారైనా ఆ స్థాయి వంట తిని చూడాలి కదా.

చిక్కు ఏమిటంటే అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్న చేప, కోడి తింటారు. నేనూ మా ఆయనా కలిసి మొత్తం నలుగురం. మూడు వందల పౌండ్లు, మహా అయితే మూడు వందల యాభై పెట్టగలం. తెలిసినవాళ్లు దారి చెప్పండి.


పప్పుచారు
2025 మార్చి 9, రాత్రి 10:15

మంచి ఆలోచనండీ. లండన్‌లో ఫైవ్ స్టార్ హోటళ్లు బోలెడున్నాయి. మేఫెయిర్‌లో లె గావ్రోష్ అని పాత ఫ్రెంచ్ రెస్టారెంట్ ఉంది కదా, దాని గురించి చాలా గొప్పగా విన్నాను. అది చూడండి.


తెనాలి_టు_థేమ్స్
2025 మార్చి 10, ఉదయం 7:05

పప్పుచారు గారూ, లె గావ్రోష్ 2024 జనవరిలో మూసేశారండీ. ఇంకో మాట. హోటళ్ల ఫైవ్ స్టార్ వేరు, మిషెలిన్ స్టార్ వేరు. మిషెలిన్‌లో ఎక్కువలో ఎక్కువ మూడే. గది ఎంత బాగుంది, గిన్నెలు ఎలాంటివి అన్నది స్టార్‌కి లెక్కలోకి రాదు. తిండి మాత్రమే. సరుకు నాణ్యత, వండే నేర్పు, రుచులు కుదిరాయా లేదా, వంటలో వంటవాడి ముద్ర ఉందా, ఎప్పుడు వెళ్లినా అదే స్థాయి ఉందా, ఈ ఐదూ చూస్తారు. ఇన్‌స్పెక్టర్లు తామెవరో చెప్పకుండా వచ్చి, తిని, బిల్లు కట్టి వెళ్లిపోతారు. ఏఏ రోజెట్‌లని ఇంకో పద్ధతి కూడా ఉంది, అందులో ఐదు దాకా ఇస్తారు.

లె గావ్రోష్ పేరెత్తారు కాబట్టి దాని కథ చెప్పాలి. ఈ దేశంలో ఈ రకం భోజనం గురించి మాట్లాడితే అక్కణ్నుంచే మొదలవుతుంది. ఆల్బెర్ రూ, మిషెల్ రూ అని ఫ్రాన్స్ నుంచి వచ్చిన అన్నదమ్ములు. ఇద్దరూ పెద్దింటి వాళ్లకి వంటవాళ్లుగా పనిచేశారు. అన్న కెంట్‌లో గుర్రాల శిక్షకుడి ఇంట్లో, తమ్ముడు పారిస్‌లో రోత్‌షీల్డ్ కుటుంబంలో. 1967లో చెల్సీ దగ్గర లోయర్ స్లోన్ స్ట్రీట్‌లో రెస్టారెంట్ తెరిచారు. అప్పట్లో ఇంగ్లండ్‌లో వాళ్లకి కావలసిన కోడీ వెన్నా దొరక్క ఫ్రాన్స్ నుంచి తెప్పించుకునేవారు. మనవాళ్లు మొదట్లో కరివేపాకు, ఇంగువ సూట్‌కేసులో మోసుకొచ్చిన రోజులు గుర్తొస్తాయి నాకు. 1974లో ఒక స్టార్, 1977లో రెండు, 1982లో మూడు. బ్రిటన్‌లో మూడు స్టార్లు అందుకున్న మొదటి చోటు అదే. తర్వాత ఒకటి తగ్గింది గానీ, తలుపులు మూసేదాకా రెండు నిలిచాయి.

నేను ఒక్కసారే వెళ్లాను, చాలా ఏళ్ల కిందట. సూఫ్లే సుయిసెస్ అని వాళ్ల పేరున్న వంటకం. సూఫ్లే అంటే గిలక్కొట్టిన గుడ్డు తెల్లసొనతో పొంగేలా కాల్చేది. చీజ్‌తో చేసిన సూఫ్లేని చిక్కటి క్రీంలో వేసి, మళ్లీ పైన చీజ్ చల్లి ఓవెన్‌లో పెడతారు. చెంచా పెడితే లోపల గాలి తప్ప ఏమీ లేదేమో అనిపించింది. నోట్లో పెట్టుకోగానే కరిగింది, కానీ చీజ్ రుచి చాలాసేపు ఉండిపోయింది. ఆ చెంచాను పట్టుకుని అలాగే కూర్చున్నాను కాసేపు.

వాళ్లు తెరిచిన రెండోది మీకు దగ్గరే అమ్మా. బ్రే అనే ఊళ్లో థేమ్స్ ఒడ్డున వాటర్‌సైడ్ ఇన్. 1972లో మొదలైంది, 1985లో మూడో స్టార్ వచ్చింది. ఫ్రాన్స్ బయట అంతకాలం మూడు స్టార్లు నిలబెట్టుకున్నది మరొకటి లేదు. ఇప్పుడు మిషెల్ కొడుకు అలాన్ రూ చూసుకుంటున్నారు. అదే ఊళ్లో ఇంకో మూడు స్టార్లది ఉంది, హెస్టన్ బ్లూమెంతాల్ గారి ఫ్యాట్ డక్. 1995లో తెరిచి 2004లో మూడో స్టార్ అందుకుంది. పోయిన నెల గ్లాస్గోలో 2025 మిషెలిన్ జాబితా చదివారు. లాంకషైర్‌లోని మూర్ హాల్‌తో కలిపి దేశం మొత్తం మీద మూడు స్టార్లవి పది. అందులో రెండు ఒక చిన్న పల్లెలో.

అయితే మీ బడ్జెట్‌లో నలుగురికి మూడు స్టార్లు కుదరవు. అక్కడ టేస్టింగ్ మెనూ, అంటే కొంచెం కొంచెంగా వరసగా వచ్చే చాలా వంటకాలు, మనిషికి రెండు వందలు దాటుతుంది. మీరు చూడాల్సింది ఒక స్టార్ ఉన్న చోట, వారం మధ్యలో, మధ్యాహ్నం సెట్ లంచ్. మూడు ఐటమ్‌లు, ముందు వెనక చిన్న చిన్నవి. అదే వంటగది, అవే చేతులు, రాత్రి కంటే బాగా తక్కువ ధర. మే 15 గురువారం పడింది, మీ అదృష్టం.


కడపవాణ్ని
2025 మార్చి 10, మధ్యాహ్నం 1:30

తప్పుగా అనుకోకండి, ఒక మాట చెప్పాలనిపించింది. ఒక్క పూట తిండికి మూడు వందల పౌండ్లా? అంటే ముప్ఫై వేలు దాటుతుంది. మా నాన్న నన్ను చదివించడానికి రెండెకరాలు అమ్మారు. ఇప్పుడు నేను సంపాదిస్తున్నాను, అయినా ఇలాంటి చోట కూర్చుంటే ఒక్క ముద్ద దిగదు నాకు. మీ అమ్మగారికి కూడా ఆ బిల్లు తెలిస్తే అలాగే ఉంటుందేమో ఆలోచించండి. వాళ్లతో కలిసి లేక్ డిస్ట్రిక్ట్ వెళ్లి రెండు రోజులుండి రావచ్చు ఆ డబ్బుతో.


నైట్‌షిఫ్ట్
2025 మార్చి 11, రాత్రి 1:10

ఇప్పుడే పని ముగించి వచ్చి ఈ చర్చ చూశాను. కడప అన్నా, నీ మాట కాదనను. నాదీ మదనపల్లె దగ్గర పల్లెటూరే. కానీ నేను వంటగది లోపలి వైపు నుంచి చెబుతాను.

మాస్టర్స్ చదువుతుండగా లండన్‌లో ఒక స్టార్ రెస్టారెంట్‌లో కిచెన్ పోర్టర్‌గా, అంటే గిన్నెలు కడిగేవాడిగా చేశాను. పేరు చెప్పను. స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో మనకి వారానికి 20 గంటలే పని. ఆ 20 గంటలూ సింక్ దగ్గరే. నలభై సీట్లకి లోపలా బయటా కలిపి ముప్ఫై మందికి పైనే పనిచేసేవాళ్లం. మొదటి రోజు నాకు అర్థం కానిది ఒకటే, ఇన్ని చెంచాలెందుకు అని. ఒక్కో వంటవాడి దగ్గర నీళ్ల డబ్బాలో నలభై చెంచాలుంటాయి. సాస్‌ని ఒకసారి రుచి చూస్తే ఆ చెంచా నా దగ్గరికి వచ్చేస్తుంది, మళ్లీ కొత్తది. ఒక్క సాస్‌ని పది సార్లు చూస్తారు. సన్నటి జల్లెడలోంచి మూడు సార్లు వడకడతారు. ఆ జల్లెడ కడగడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ప్లేటు బయటికి వెళ్లేముందు పాస్ అని ఒక బల్ల ఉంటుంది. పెద్ద షెఫ్ అక్కడ నిలబడి ప్రతి ప్లేటూ చూస్తాడు. ఒకరోజు చేప మీద చర్మం సరిగ్గా కరకరలాడలేదని ఆ టేబుల్‌కి వెళ్లాల్సిన నాలుగు ప్లేట్లూ వెనక్కి పంపి మళ్లీ వండించాడు. ఒకరిది ఆలస్యమైతే మిగతా ముగ్గురిదీ చల్లారిపోతుందని.

జూన్‌లో బ్రాడ్ బీన్స్ వచ్చాయి. కాయ వలిచాక ఒక్కో గింజకి మళ్లీ తోలు తీయాలి. ఇద్దరు కుర్రాళ్లు కత్తి మొనతో గీరుతూ అవస్థ పడుతున్నారు. నేను చేతులు తుడుచుకుని వెళ్లి బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి నొక్కాను. గింజ జారి బయటపడింది. మా ఇంట్లో చలికాలమంతా పితికిపప్పు కోసం అమ్మ, నాయనమ్మ, నేను కూర్చుని అనపగింజలు పితికేవాళ్లం కదా, చేతులకి అలవాటు. సూ షెఫ్, అంటే పెద్ద షెఫ్ తర్వాతివాడు, చూసి, రేపట్నుంచి రోజుకో గంట ముందు రమ్మన్నాడు. అలా సింక్ దగ్గర్నుంచి కూరగాయల బల్ల దగ్గరికి వచ్చాను. ఇప్పుడు చదువైపోయి వేరే ఉద్యోగంలో ఉన్నాను గానీ ఆ ఆరు నెలలు మర్చిపోలేను.

బాధా ఉంది. బిల్లులో సర్వీస్ చార్జ్ అని వేసేవాళ్లు, అందులో కిచెన్ పోర్టర్లకి ఏమీ వచ్చేది కాదు. అడిగితే రేపు మాపు అనేవాళ్లు. 2024 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో చట్టం వచ్చింది, టిప్పులూ సర్వీస్ చార్జ్ మొత్తం పనివాళ్లకే, న్యాయంగా పంచాలి. మన పిల్లలు ఎవరైనా ఇలాంటి పనుల్లో ఉంటే ఇది తెలుసుకోండి, లిఖితంగా పాలసీ చూపించమని అడిగే హక్కు మీకుంది.

అక్కా, తీసుకెళ్లండి. మీ అమ్మగారికి ఆ పని కనిపిస్తుంది.


లిఫ్ఫీ_ఒడ్డున
2025 మార్చి 11, ఉదయం 8:20

ఐర్లండ్‌లో కూడా టిప్పుల చట్టం 2022 డిసెంబరు నుంచే ఉంది తమ్ముడూ.

శీర్షికలో ఐర్లండ్ కూడా రాశారు కాబట్టి డబ్లిన్ నుంచి నా వంతు. మూడు స్టార్లది ఇక్కడ ఒక్కటీ లేదు. 2025 జాబితాలో రెండు స్టార్లవి ఐదు. వాటిలో పాతది రెస్టారెంట్ పాట్రిక్ గిల్బో. ఆయన కూడా ఫ్రెంచ్ మనిషే, 1981లో డబ్లిన్‌లో తెరిచాడు. 1996 నుంచి రెండు స్టార్లు ఒక్క ఏడూ జారకుండా ఉన్నాయి. పార్నెల్ స్క్వేర్‌లో చాప్టర్ వన్ ఉంది, షెఫ్ ఫిన్లండ్ దేశస్థుడు, మికాయెల్ విల్యనెన్. కార్క్ జిల్లా చివర బాల్టిమోర్ అని సముద్రపు ఊళ్లో డెడె ఉంది, దాని షెఫ్ అహ్మెట్ డెడె టర్కీ వాడు. ఐరిష్ చేపలూ పాలూ, టర్కీ మసాలాలూ.

కానీ నాకు వీటన్నిటికంటే దగ్గరగా అనిపించేది మర్టిల్ అలెన్ గారి కథ. ఈస్ట్ కార్క్‌లో షానగారీ అనే పల్లె. భర్త వ్యవసాయం చేసేవారు. 1964లో ఆవిడ తన ఇంటి భోజనాల గదినే రెస్టారెంట్ చేసింది. బాలీమలూ హౌస్.  పొలంలో ఆ రోజు ఏం కోశారో, పక్కనే బాలికాటన్ రేవుకి పడవ ఏం తెచ్చిందో చూసి అప్పటికప్పుడు మెనూ రాసేది. ఐర్లండ్ సరుకు చవక సరుకనీ, మంచి వంటంటే ఫ్రాన్స్ నుంచే రావాలనీ అందరూ అనుకునే రోజులు. 1975లో ఆ ఇంటికి మిషెలిన్ స్టార్ వచ్చింది. ఇప్పుడు "లోకల్", "సీజనల్" అని మెనూ మీద అందరూ రాసుకుంటున్నారు, ఆవిడ అరవై ఏళ్ల కిందటే చేసి పెట్టింది. 2018లో పోయారు. ఇల్లు ఇంకా నడుస్తోంది, స్టార్ లేకపోయినా. భోజనమయ్యాక స్వీట్లన్నీ తోపుడుబండి మీద పెట్టుకుని టేబుల్ దగ్గరికే తెస్తారు, కావలసినవి చూపించి పెట్టించుకోవచ్చు. మా అత్తగారు మూడు రకాలు పెట్టించుకున్నారు, "బంతి భోజనంలో కొసరి వడ్డించినట్టుంది" అన్నారు.

అమ్మానాన్నలకి ఐర్లండ్ వీసా కూడా ఉంటే ఆలోచించండి. లేదంటే వచ్చేసారి.


గుడ్డు_కూడా_తినను
2025 మార్చి 11, సాయంత్రం 6:45

ఇది నా సబ్జెక్టు, కొంచెం వివరంగా రాస్తాను. రీడింగ్‌వాసి గారూ, బుకింగ్ ఫారంలో వెజిటేరియన్ అని టిక్ పెట్టి ఊరుకోకండి. ఇక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు ఉంటుంది. పోనీ వీగన్ అని పెడదామంటే పాలు, పెరుగు, వెన్న, నెయ్యి అన్నీ పోయి మనకి అసలు ఇష్టమైనవే మిగలవు. మన అమ్మలది ఈ రెంటికీ మధ్య దారి. అది వాళ్లకి విడమరిచి రాయాలి.

వారం పది రోజుల ముందే ఈమెయిల్ పంపండి. పాలు, వెన్న, క్రీం, పెరుగు పర్వాలేదు. గుడ్డు, మాంసం, చేప వద్దు, వాటి స్టాక్ (ఎముకలు, ముక్కలు ఉడికించి తీసిన రసం) వద్దు, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ వద్దు. ఈ కాస్తా చాలు, పొడుగు ఉత్తరం అక్కర్లేదు.

గుడ్డు ఎక్కడెక్కడ దాక్కుంటుందో చెబుతాను. ఫ్రెష్ పాస్తా, బ్రియోష్ రొట్టె, మెరుపు కోసం పేస్ట్రీ పైన పూసే పూత, హాలండేజ్ సాస్, మూస్, మెరాంగ్, కస్టర్డ్‌తో చేసే ఐస్‌క్రీం. చివర్లో కాఫీతో ఇచ్చే మాకరాన్ కూడా గుడ్డు తెల్లసొనే. జెలటిన్ పన్నా కోటాలో, మార్ష్‌మాలోలో ఉంటుంది. పార్మెజాన్ చీజ్‌ని పట్టింపున్నవాళ్లు తినరు, దాని కోసం పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు. వూస్టర్ సాస్‌లో చేప ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. యూకేలో 14 అలర్జీ పదార్థాల వివరం ఇవ్వడం చట్టం. అందులో గుడ్డు, పాలు, చేప ఉన్నాయి కాబట్టి వాటి గురించి అడిగితే కాగితం చూసి కచ్చితంగా చెబుతారు. మాంసం స్టాక్, జెలటిన్ ఆ 14లో లేవు. వాటిని మనమే విడిగా అడగాలి. నేను ఒకచోట మష్రూమ్ సూప్ సగం తాగాక అందులో కోడి స్టాక్ ఉందని తెలిసింది. ఆ రోజంతా మనసు మనసులో లేదు. వాళ్ల తప్పెంతో నాదీ అంతే, నేను అడగలేదు.

ఇలా ముందే రాసిన ప్రతి మంచి రెస్టారెంట్‌లోనూ నాకు మర్యాదే దక్కింది. తోటలున్న చోట్లకి వెళ్తే ఇంకా మంచిది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర రేమండ్ బ్లాంక్ గారి లె మన్వార్ కూరగాయల తోటకే పేరు. ఆయన 1972లో ఫ్రాన్స్ నుంచి వెయిటర్‌గా వచ్చాడు, వంట తనంతట తనే నేర్చుకుని 1984లో అది తెరిచాడు. రెండు స్టార్లు. మీ బడ్జెట్‌కి ఎక్కువే, కానీ శాకాహారికి విడిగా మెనూ పెట్టే అలవాటు అక్కడ ఎప్పటినుంచో ఉంది. కంబ్రియాలో లాంక్లూమ్ కూడా అంతే, సొంత పొలం. పాత కమ్మరి కొలిమిని రెస్టారెంట్ చేశారు, ఆ పేరుకి అర్థం కూడా దాగలి అనే. 2022లో మూడు స్టార్లు వచ్చాయి.


గ్లాస్గో_గోంగూర
2025 మార్చి 12, ఉదయం 9:00

స్కాట్లండ్ వైపు వచ్చేవాళ్ల కోసం ఒక్క ముక్క. గ్లెన్‌ఈగల్స్‌లో రెస్టారెంట్ ఆండ్రూ ఫెయిర్లీ. రెండు స్టార్లు 2006 నుంచి. రూ సోదరులు వంట నేర్చుకునే కుర్రాళ్లకి స్కాలర్‌షిప్ పెట్టారు, 1984లో అది మొదట గెలిచింది ఈయనే. విస్కీ పీపాల చెక్కతో లాబ్‌స్టర్‌ని, అంటే పెద్ద సముద్రపు రొయ్యలాంటిదాన్ని, పొగబెట్టి వండేది ఆయన పేరు మీద నిలిచిపోయింది. 2019లో ఆయన పోయాక కూడా శిష్యులు రెండు స్టార్లూ కాపాడారు.


ట్రెంట్_నది
2025 మార్చి 12, మధ్యాహ్నం 12:40

అదే స్కాలర్‌షిప్ 1999లో గెలిచినవాడు మన నాటింగ్‌హామ్ సత్ బెయిన్స్. తల్లిదండ్రులు పంజాబ్ నుంచి డెర్బీ వచ్చి స్థిరపడ్డారు. వండేది యూరోపియన్ వంట. ఫ్లైఓవర్ పక్కన, కరెంటు టవర్ల కింద ఉంటుంది ఆ రెస్టారెంట్, కారులో వెళ్తుంటే దారి తప్పామేమో అనిపిస్తుంది. 2011 నుంచి రెండు స్టార్లు. మన రంగువాళ్లు పెడితే కూరే పెట్టాలన్న లెక్క లేదని చూపించిన మనిషి, నాకు చాలా గౌరవం.


తెనాలి_టు_థేమ్స్
2025 మార్చి 12, రాత్రి 8:30

కడపవాణ్ని గారికి జవాబు రాయాలని రెండు రోజులుగా అనుకుంటున్నాను. నాయనా, మీ నాన్నగారి రెండెకరాల ముందు ఏ వాదనా నిలవదు. డబ్బు ఎటు పోతుందో మాత్రం చెబుతాను. 120 పౌండ్ల బిల్లులో 20 పౌండ్లు వ్యాట్. మిగిలినదాంట్లో పెద్ద వాటా జీతాలకి. నైట్‌షిఫ్ట్ చెప్పాడు కదా, నలభై సీట్లకి ముప్ఫై మంది. యజమానికి మిగిలేది మనం అనుకున్నంత ఉండదు. స్టార్ ఉండి కూడా మూతపడ్డవి ఎన్నో.

ఇంకొకటి. నాటింగ్ హిల్‌లో కోర్ అని ఉంది. క్లేర్ స్మిత్ అనే ఆవిడది. ఉత్తర ఐర్లండ్‌లో ఆంట్రిమ్ జిల్లాలో రైతు బిడ్డ. గోర్డన్ రామ్సే గారి చెల్సీ రెస్టారెంట్‌లో వంటగదిని నడిపి, 2017లో సొంతంగా తెరిచింది. 2021లో మూడు స్టార్లు. ఆవిడ పేరున్న వంటకం ఏమిటో తెలుసా? ఒక్క బంగాళాదుంప. నా అరవయ్యో పుట్టినరోజుకి పిల్లలు తీసుకెళ్లారు. ప్లేటు మధ్యలో ఒకే దుంప, సముద్రపు నాచుతో నిదానంగా ఉడికించినది. పైన చేప గుడ్లు, గోరంత ఆలూ చిప్స్, చుట్టూ వెన్న సాస్. కోస్తే మైనంలా తెగింది. ఆవిడ చిన్నప్పుడు సముద్రం దగ్గర పొలాల్లో తిన్న దుంప రుచి అది. ఫోయ్ గ్రా, కేవియార్ లాంటి ఖరీదైన సరుకు పెట్టాల్సిన చోట రైతు పంట పెట్టింది ఆవిడ. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, మా నాన్న కూడా రైతే.


కడపవాణ్ని
2025 మార్చి 12, రాత్రి 11:05

పెద్దాయనా, మీరు రాసింది రెండు సార్లు చదివాను. నేను వెళ్తానని చెప్పలేను, నా మనసు ఇంకా ఒప్పుకోలేదు. కానీ రీడింగ్‌వాసి అక్కని వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వెళ్లొచ్చాక అమ్మగారు ఏమన్నారో తప్పకుండా రాయండి.


రీడింగ్‌వాసి
2025 మార్చి 15, ఉదయం 11:20

అందరికీ పేరు పేరునా థాంక్స్. బుక్ చేశాను. ఆక్స్‌ఫర్డ్‌షైర్ వైపు, ఒక స్టార్, వెనక చిన్న తోట ఉంది. గురువారం సెట్ లంచ్ మనిషికి 68. ముందుగా కార్డు మీద డిపాజిట్ అడిగారు, రాకపోతే పోతుంది. గుడ్డు_కూడా_తినను గారు చెప్పినట్టే ఈమెయిల్ పంపాను. మర్నాడే జవాబు వచ్చింది, ఉల్లి, వెల్లుల్లి తింటారా అని కూడా అడిగారు. నాకు టెన్షన్ సగం పోయింది.


రీడింగ్‌వాసి
2025 మే 18, రాత్రి 10:00

వెళ్లొచ్చాం. పేరు రాయొద్దని అమ్మ గట్టిగా చెప్పింది, "వాళ్ల గురించి మనం ఊళ్లో చాటింపు వేయడమెందుకు" అని. కాబట్టి పేరు లేకుండా రాస్తాను.

నాన్నకి ముందు భయం. ఫోర్కులు నాలుగు, ఏది ఎప్పుడు తీయాలో తెలియదని. కూర్చోగానే ఆ సంగతి వడ్డించే అమ్మాయి గ్రహించినట్టుంది. ప్రతి ఐటమ్‌కీ ముందు పాతవి తీసేసి, కావలసినవి మాత్రమే కొత్తగా పెట్టింది. ఇక తప్పు చేసే వీలే లేదు. రొట్టె, వెన్న వచ్చాయి. నాన్న వెన్న నాలుకకి రాసుకుని, "పులిసిన మీగడ చిలికి తీసినదిది" అన్నారు. అమ్మాయిని అడిగితే నిజమే, క్రీంని తోడు వేసి పులియబెట్టి వంటగదిలోనే తీస్తారట. ఆ తర్వాత నాన్న భయం పోయింది. రొట్టె మూడు సార్లు అడిగారు.

అమ్మకి మొదట వచ్చింది బీట్‌రూట్. పల్చటి పొరలుగా తరిగి, ఒకదాని మీద ఒకటి పేర్చి, బరువు పెట్టి నొక్కి, ఇటుకలా కోశారు. పక్కన తెల్లటి ముద్ద. అమ్మ అది కొంచెం నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఘాటు ముక్కుకెక్కింది. "ఆవ పెట్టారే!" అంది. నేను కాదేమో అన్నాను. అడిగితే హార్స్‌రాడిష్ అని ఒక దుంప, పెరుగులో కలిపారట. ఆవాలది, దానిది ఒకటే జాతి ఘాటు, నూరినప్పుడే పుడుతుంది. అమ్మ తప్పు చెప్పలేదు. ఇంటి దగ్గర అరటిదూట కూరకి ఆవ ఎంత పట్టాలో లెక్క చూసుకునే మనిషి కదా. ఈ మాట ఆ అమ్మాయి లోపలికి వెళ్లి చెప్పినట్టుంది. షెఫ్ బయటికి వచ్చి ఒక పచ్చి దుంప ముక్క తెచ్చి, అమ్మ ముందే గీరి వాసన చూపించాడు. ముప్ఫై ఏళ్లు కూడా లేని కుర్రాడు. అమ్మ తెలుగులోనే అతనితో మాట్లాడింది, నేను మధ్యలో అనువాదం. అరటిదూట అంటే ఏమిటో చెప్పడానికి ఫోన్‌లో ఫోటో చూపించాల్సి వచ్చింది. అరటిచెట్టు మధ్యభాగాన్ని కూర వండుతారని తెలిసి అతను కాగితం మీద రాసుకున్నాడు.

తర్వాత అమ్మకి ఆస్పరాగస్, మోరెల్ పుట్టగొడుగులు, కొత్త బంగాళాదుంపలు. నాన్నకి చేప. నాన్న చేప బాగుందన్నారు గానీ, కళ్లు అమ్మ ప్లేటు మీదే ఉన్నాయి.

ఒకటి మాత్రం చెప్పాలి. చివర్లో కాఫీతో చిన్న చిన్న తీపి పదార్థాలు తెచ్చారు. పళ్లెం బల్ల మీద పెట్టబోతూ ఆ అమ్మాయి ఆగిపోయి, సారీ చెప్పి వెనక్కి తీసుకెళ్లింది. అందులో మాకరాన్ ఉందట. రెండు నిమిషాల్లో అమ్మకి విడిగా వేరే పళ్లెం వచ్చింది. గుడ్డు_కూడా_తినను గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.


నైట్‌షిఫ్ట్
2025 మే 18, రాత్రి 11:50

అక్కా, పళ్లెం వెనక్కి తీసుకెళ్లిన ఆ అమ్మాయి గురించి చదివి చాలా సంతోషమైంది. అంత హడావిడిలో అది గుర్తుంచుకోవడం చిన్న పని కాదు. స్వీట్ ఏం పెట్టారు? అది రాయలేదు.


కడపవాణ్ని
2025 మే 19, ఉదయం 7:30

అమ్మగారికి బిల్లు చూపించారా? నాకు అదొక్కటే తెలుసుకోవాలనుంది.


రీడింగ్‌వాసి
2025 మే 19, రాత్రి 9:15

చూపించాను తమ్ముడూ, అడిగింది. భోజనాలు నాలుగు 272, నీళ్లు, కాఫీ, టీ కలిపి 26. మొత్తం 298 మీద పన్నెండున్నర శాతం సర్వీస్ చార్జ్ వేస్తే 335 పౌండ్ల పాతిక పెన్నీలు. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ బీట్‌రూట్ పొరలు తరిగిన పిల్లాడికి ఎంతిస్తారు?" అని అడిగింది. నాకు తెలియదన్నాను.

స్వీట్ రూబార్బ్, పెరుగు సార్బేతో. ఎర్రటి కాడలు చక్కెర పాకంలో ఉడికించి పెట్టారు. అమ్మ ఒక ముక్క తిని, "ఇంత పులుపున్నదాన్ని పాకంలో వేశారెందుకు, పప్పులో వేయాలి గానీ" అంది. మొన్న శనివారం మార్కెట్‌లో కట్ట కొనుక్కొచ్చి కందిపప్పు, పచ్చిమిర్చి, మెంతులు వేసి చేసింది. చింతపండు అవసరమే పడలేదు. ఇంగువ, ఎండుమిర్చి పోపు. అన్నంలో నెయ్యితో తింటే చుక్కకూర పప్పుకి ఏం తీసిపోలేదు.


గుడ్డు_కూడా_తినను
2025 మే 19, రాత్రి 9:40

చేసుకునేవాళ్లకి ఒక హెచ్చరిక: రూబార్బ్ కాడలు మాత్రమే వాడాలి, ఆకులు విషం. పారేయండి.


రీడింగ్‌వాసి
2025 మే 19, రాత్రి 9:52

అవునండీ, మార్కెట్‌లో అమ్మినాయన ఆకులు కోసేసే ఇచ్చాడు. కాడలు కూడా పప్పు ఉడికాకే వేయాలంటోంది అమ్మ, ముందే వేస్తే పప్పు ఉడకదట. రేపు పచ్చడి పెడుతోంది, అది ఎలా వచ్చిందో రాస్తాను.